దర్శనం అయిందా, లాక్కున్నానా?

ఈ వారం వీడియోలో ముండకోపనిషత్తులోని రెండు పక్షుల గురించి విన్నారు కదా. ఒకే చెట్టు మీద రెండు పక్షులు. ఒకటి పండు తింటూ ఉంటుంది, రెండోది తినకుండా ఊరికే చూస్తూ ఉంటుంది. తినేది జీవుడు, చూసేది సాక్షి. ఈ ఉపమానం మొదటిసారి విన్నప్పటి నుంచీ నాలో ఒక చిన్న గర్వం ఉండేది. ఎందుకంటే నాకు పిట్టల్ని చూసే అలవాటు ఉంది. వల లేదు, పంజరం లేదు, మెడలో బైనాక్యులర్ తప్ప చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి నేను ఆ రెండో పక్షి పార్టీ అని నా లెక్క. పోయిన మే నెలలో ఆ లెక్క తప్పింది.

నేనుండేది జర్సీ సిటీలో. వసంతకాలం వస్తే శనివారాలు తెల్లవారుజామునే లేచి, పాత్ ట్రైన్‌లో 33వ వీధి దాకా వెళ్లి, అక్కడి నుంచి సబ్‌వేలో సెంట్రల్ పార్క్‌కి పోతాను. 843 ఎకరాల పార్కు అది. మధ్యలో ర్యాంబుల్ అని ఒక చిన్న అడవిలాంటి భాగం ఉంది. వంకర దారులు, రాళ్లు, సన్నటి వాగు, పెద్ద పెద్ద ఓక్ చెట్లు. చలికాలం దక్షిణ అమెరికాలో, కరేబియన్ దీవుల్లో గడిపిన చిన్న చిన్న పిట్టలు ఏప్రిల్, మే నెలల్లో గుడ్లు పెట్టడానికి ఉత్తరాదికి, కెనడా అడవుల దాకా పోతాయి. వీటిలో చాలావరకు రాత్రిళ్లే ఎగురుతాయి. తెల్లారేసరికి కింద న్యూయార్క్ ఉంటే, కాంక్రీటు మధ్యలో కనిపించే ఆ పచ్చటి ముక్కలోకి దిగుతాయి. దిగగానే వాటికి ఒకటే పని, తిండి. ఓక్ చెట్లు అప్పుడే చిగురిస్తుంటాయి, చిగుళ్ల నిండా గొంగళిపురుగులు. మళ్లీ ఎగరాలంటే ఒంట్లో కొవ్వు నింపుకోవాలి.

ముందు రోజు రాత్రి నేను బర్డ్‌కాస్ట్ సైట్ తెరిచి చూస్తాను. వాన మబ్బుల్ని పట్టే వాతావరణ రాడార్‌తోనే ఆకాశంలో ఎన్ని పిట్టలు ఎగురుతున్నాయో అందులో అంచనా వేస్తారు. దక్షిణ గాలి వీచే రాత్రి ఆ మ్యాప్ వెలిగిపోతుంది. చూస్తే నిద్ర పట్టదు. (ప్రొడక్షన్ డ్యాష్‌బోర్డ్‌ని అంత ప్రేమగా నేను ఏనాడూ చూడలేదు.)

ఆ శనివారం అలాంటి రాత్రి తర్వాతే వచ్చింది. ర్యాంబుల్‌లో ఒక ఓక్ చెట్టు కింద ఒక పెద్దావిడ తల పైకెత్తి నిలబడి ఉంది. డెబ్బై దాటి ఉంటాయి. ఏం చూస్తున్నారని అడిగితే, బ్లాక్‌బర్నియన్ వార్బ్లర్ ఉందంటున్నారు, ఎక్కడో పైన ఉంది, నాకు దొరకట్లేదు అంది. ఆ పిట్ట బరువు పది గ్రాములు. మగదానికి గొంతంతా మండే నారింజ రంగు, కాషాయం కట్టినట్టు. చలికాలం ఆండీస్ కొండల్లో ఉంటుంది. దాంతో చిక్కేమిటంటే ఎప్పుడూ చెట్టు చిటారుకొమ్మల్లోనే తిరుగుతుంది, మెడలు పట్టేస్తాయి. దాని పాట కూడా చాలా సన్నటి శ్రుతి, చివర్లో ఇంకా పైకి పోతుంది. వయసు పైబడితే మనకి ముందు పోయేది ఆ పై శ్రుతులే. ఆవిడ అదే చెప్పింది. ఇదివరకు పాట విని చెట్టు పట్టుకునేదాన్ని, ఇప్పుడు వినపడదు, నాలుగేళ్లుగా ఆ పిట్టని సరిగ్గా చూడలేదు అని.

నాకూ అది కావాలి. ఆ ఏడాది నా జాబితాలో అది ఇంకా లేదు. జేబులో మెర్లిన్ యాప్ ఉంది. అందులో ప్రతి పిట్ట పాటా రికార్డ్ చేసి ఉంటుంది. ఫోన్ కింద పట్టుకుని, వాల్యూమ్ సగానికి పెంచి, ఆ పాట మీద వేలు పెట్టాను. ఆవిడకి వినపడదని నాకు తెలుసు. ఈ ముక్క రాయడానికి సిగ్గుగా ఉంది గానీ, తెలిసే చేశాను.

రెండు నిమిషాల్లో వచ్చింది. కొమ్మ కొమ్మా దిగుతూ మా తలల ఎత్తుకి వచ్చేసింది. ఈకలు రిక్కించి, అటూ ఇటూ వెతుకుతోంది. ఆకుపచ్చ చిగుళ్ల మధ్య ఆ గొంతు నిప్పులా ఉంది. ఆవిడ బైనాక్యులర్ కూడా ఎత్తలేదు. కళ్లతోనే చూసింది. కళ్లు తడిశాయి. ఇన్నేళ్లుగా వస్తున్నాను, ఇది ఇంత కిందికి రావడం ఎప్పుడూ చూడలేదు, ఇవాళ నా కోసమే వచ్చినట్టుంది అంది. నా చెయ్యి పట్టుకుంది. నేను ఫోన్ జేబులో పెట్టేసుకుని నవ్వాను.

ఇంటికి వచ్చే దారంతా మనసు వాదిస్తూనే ఉంది. ఎవరికి నష్టం? పిట్ట ఐదు నిమిషాలు తిండి మానింది. ఐదు నిమిషాలకి చచ్చిపోదు. ఒక ముసలావిడకి నాలుగేళ్ల కోరిక తీరింది. కూడికలు తీసివేతలు చేస్తే పుణ్యమే ఎక్కువ. అమెరికన్ బర్డింగ్ అసోసియేషన్ నియమావళిలో రికార్డింగులు వాడేటప్పుడు సంయమనం పాటించమని ఉంది. అసలు వద్దని లేదు కదా, ఒక్కసారే కదా అనుకున్నాను. మే నెల శనివారం ర్యాంబుల్‌లో నాలాగే "ఒక్కసారే కదా" అనుకునేవాళ్లు ఎంతమంది ఉంటారో మాత్రం లెక్క వెయ్యలేదు.

కానీ నన్ను గుచ్చింది ఆ ఐదు నిమిషాలు కాదు. నల్గొండ జిల్లాలో మా తాతయ్య ఊళ్లో కౌజు పిట్టల్ని ఎలా పట్టేవారో ఆయన చెప్పేవాడు. ఒక కౌజుని బోనులో పెట్టి చేను గట్టు మీద వదిలేస్తారు. అది కూస్తుంది. నా చోట్లోకి ఇంకోడు వచ్చాడని బయటి కౌజు రోషంగా పోట్లాటకి వస్తుంది, ఉచ్చులో పడుతుంది. ఆ బోనులోని పిట్టని దీమం అంటారు. వేటగాడు పిట్ట ఆకలిని వాడుకోవడం ఒక ఎత్తు, దాని పౌరుషాన్ని వాడుకోవడం ఇంకో ఎత్తు అనేవాడు తాతయ్య. నా జేబులో ఉన్నది దీమమే. కాకపోతే నా ఉచ్చు కంటికి కనపడదు. ఎక్కడో ఆండీస్ నుంచి వచ్చిన ప్రాణికి లేని శత్రువుని చూపించి, దాని రోషాన్ని నేను ఒక టిక్ మార్కు కింద మార్చుకున్నాను. చూడటం కూడా తినడమే అవుతుందని ఆ రోజు తెలిసింది. ఆ చెట్టు మీద నేను మొదటి పక్షిని.

ఆవిడ సంగతి ఇంకా కష్టం. తిరుపతి నుంచి ఎవరైనా తిరిగొస్తే మనం ఏమని అడుగుతాం? "దర్శనం బాగా అయిందా?" అని. అయిందా అంటాం. చేసుకున్నాం అని కూడా అంటాం, కాస్త భక్తి ఎక్కువైతే స్వామి దర్శనం ఇచ్చాడు అంటాం. మూడు వందల టికెట్ కొన్నవాళ్లయినా, తెల్లార్లూ కంపార్ట్‌మెంట్లో కూర్చున్నవాళ్లయినా అదే మాట. టికెట్ మనల్ని గుమ్మం దాకానే తీసుకెళ్తుంది. ఆ తర్వాత దొరికే రెండు క్షణాలూ మన చేతిలో లేవని అందరికీ తెలుసు, అందుకే ఆ మాట అలా వస్తుంది. ఆవిడ కూడా ఆ ఉదయం సరిగ్గా అదే అంది, తన భాషలో. తన కోసం వచ్చిందని. నేను ఆవిడకి ఇచ్చింది నకిలీ ప్రసాదం. రుచి బాగానే ఉంది, కళ్లు కూడా తడిశాయి. అయితే మాత్రం నకిలీ అసలైపోతుందా? సంతోషం నిజమైతే చాలదా అని మీలో కొందరు అడగొచ్చు. నేనూ రెండు రాత్రులు అదే అడుక్కున్నాను. చాలదు అనే నాకు అనిపించింది. చాలేదే అయితే, ఆవిడ చెయ్యి పట్టుకున్నప్పుడు నేను ఫోన్ ఎందుకు దాచాను? ద్రోణుడి ముందు ధర్మరాజు కూడా గొంతే తగ్గించాడు. నేను అసలు నోరే విప్పలేదు.

తర్వాతి శనివారం ఆవిడ కనపడకపోతే బాగుండు అనుకుంటూనే వెళ్లాను. కనపడింది, వాగు పక్కన బెంచీ మీద. పక్కన కూర్చుని మొత్తం చెప్పేశాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. కోప్పడినా బాగుండేది.

"అయితే నా కోసం రాలేదన్నమాట" అంది చివరికి.

"లేదండి."

ఇంకాసేపు వాగుని చూసింది. తర్వాత, ఆ ఫోన్‌లో పాట పెట్టడమేనా, వినడం కూడా ఉందా అని అడిగింది. ఉందన్నాను. అదే యాప్‌లో ఇంకో బటన్ నొక్కితే ఫోన్ చుట్టుపక్కల శబ్దాలు వింటుంది, వినపడిన ప్రతి కూతా తెర మీద గీతల్లా పాకుతుంది, ఏ పిట్టో పేరు కూడా వస్తుంది. అది నొక్కి ఫోన్ మా ఇద్దరి మధ్య బెంచీ మీద పెట్టాను. రాబిన్లు, పిచ్చుకలు, ఎవరిదో కుక్క. ఇరవై నిమిషాలు అవే. కాఫీ చల్లారిపోయింది. అప్పుడు తెర పై అంచున సన్నటి గీతలు వరుసగా వచ్చాయి, చివరి గీత ఇంకా పైకి వంగింది. నా చెవికి కూడా లీలగా అందింది.

"ఇప్పుడు పాడుతోందా?" అంది.

"పాడుతోంది. ఎడమ పక్క ఓక్ చెట్టు, బాగా పైన."

ఆవిడ లేచి, మెడ చేత్తో పట్టుకుని, పైకి చూడటం మొదలుపెట్టింది. పిట్ట కనపడలేదు. ఫోన్ బెంచీ మీదే వదిలేసి నేనూ లేచాను.