తిమోతి ఇంటి బడి

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 6:4–9; నిర్గమకాండము 12:24–27; 2 తిమోతి 3:14, 15



వాక్యములోనికి వెళ్లకముందు మా ఇంటి సిగ్గు ఒకటి మీ యెదుట ఒప్పుకొనవలసియున్నది. మేము బరంపురములో కాపురముండి చాలా యేండ్లయినది. ఇంటిలో మాటలాడునది తెలుగు, ఆదివారము పాడునది తెలుగు. గనుక మా పిల్లలకు తెలుగు వచ్చునని ధైర్యముగా ఉంటిమి. మా అమ్మగారికి చూపు మందగించిన తరువాత ఒక సాయంకాలము ఆమె తన బైబిలు మా చిన్నవాని చేతికిచ్చి, "నూట ఇరవై ఒకటో కీర్తన చదివి వినిపించరా నాన్నా" అన్నారు. వానికప్పుడు తొమ్మిదేండ్లు. పుస్తకము తెరచి కాసేపు చూచి, "మామ్మా, నాకు చదవడం రాదు" అన్నాడు. ఆమె ఏమియు అనలేదు. బైబిలు తీసికొని ఒడిలో పెట్టుకున్నారు. ఆదివారపు బడిలో వాడు అప్పగించిన కంఠత వాక్యములన్నియు మేము ఇంగ్లీషు అక్షరములలో వ్రాసి ఇచ్చినవేయని ఆమెకు ఆ దినమే తెలిసినది.

1878లో ఒంగోలు ప్రాంతమున, గుండ్లకమ్మ నదిలో, ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరని మనమందరము పిల్లలకు చెప్పుకొందుము. వారిలో అనేకులు అక్షరము ఎరుగనివారు. వాక్యము చదువవలెనన్న ఆశతో వారి పిల్లలు బడికి వెళ్లిరి. ఆ వంశములలో పుట్టి, డిగ్రీలు చదివి, ఆ బైబిలునే తెరచి చదువలేని తరమును మనము పెంచుచున్నామా?

అందరును చేయు పనియే మేమును చేసితిమి. పెద్దబాలశిక్ష కొని, బడి నుండి, ట్యూషను నుండి వచ్చిన పిల్లవానిని మరియొక గంట కూర్చుండబెట్టితిమి. మూడవ నాటికి కన్నీళ్లు. రెండు వారములకు పుస్తకము బీరువా మీదికి చేరినది.

అప్పుడు ద్వితీయోపదేశకాండము ఆరవ అధ్యాయము మమ్మును గద్దించినది. అక్కడ మోషే చెప్పిన వేళలు ఏవి? ఇంట కూర్చున్నప్పుడు, త్రోవను నడచునప్పుడు, పండుకొనునప్పుడు, లేచునప్పుడు. బల్లయు లేదు, బెత్తమును లేదు. నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయము చూడుడి. పస్కా ఆచారమును కన్నులార చూచిన పిల్లవాడు, ఇదేమిటని ముందుగా తానే అడుగును. తండ్రి ఆ పిమ్మట చెప్పును. యెహోషువ నాలుగవ అధ్యాయములో యొర్దాను నుండి తెచ్చిన పండ్రెండు రాళ్ల సంగతియు అంతే. దేవుడు పిల్లల కన్నుల యెదుట ఒక వస్తువును ఉంచి, వారి ప్రశ్న కొరకు కనిపెట్టమన్నాడు. మేమైతే వాడు అడుగని ప్రశ్నలకు జవాబులు వాని నోట కుక్కుచుంటిమి.

తిమోతి సంగతి మనవంటి వలస కుటుంబములకు మరింత దగ్గర. అతని ఊరు లుస్త్ర ప్రాంతము. అక్కడి జనులు కేకలు వేసినది లుకయోనియ భాషలోనని అపొస్తలుల కార్యములు 14:11 చెప్పుచున్నది. తండ్రి గ్రీసు దేశస్థుడు, తల్లి యూదురాలు. వీధిలో ఒక భాష, తండ్రి వైపున ఒకటి, తల్లి విశ్వాసము మరియొకటి. లుస్త్రలో సమాజమందిరమున్నట్లు ఆ గ్రంథములో ఎక్కడను కనబడదు. అయినను అతడు బాల్యము నుండి లేఖనముల నెరిగినవాడు. అతని కంటె ముందు అదే విశ్వాసము గలవారిగా పౌలు పేర్కొన్నది ఇద్దరు స్త్రీలను: అవ్వ లోయి, తల్లి యునీకే. ఎట్లు నేర్పిరో వ్రాయబడలేదు గాని, ఇల్లు తప్ప వారికి వేరొక బడి ఉండెనని మేము అనుకొనము.

ఇక మావాని సంగతి. వానికి రైళ్లు అనగా ప్రాణము. ఒక సెలవులలో పాసింజరు బండిలో పలాసకు పోవుచుండగా, ఇచ్ఛాపురము వద్ద వాడు కిటికీలోనుండి చూచి, "నాన్నా, బోర్డు మీద ఒడియా పోయిందేం?" అని అడిగినాడు. రాష్ట్రము మారినదని చెప్పితిమి. క్రింద ఇంగ్లీషు పేరు ఉన్నది గదా, దానిని పట్టుకొని వాడే పై అక్షరములు విప్పనారంభించినాడు. పలాసలోని 'ప'కు సోంపేటలో తలపై ఏదో ఎందుకున్నదని అడిగినాడు. ఏత్వము అను మాట వాడు మొదట విన్నది అక్కడనే. తిరుగు ప్రయాణములో బండి ఆగకముందే పేరు చదువుట వానికి పందెమైనది. ఇంటికి వచ్చి విశాఖపట్నము వరకు స్టేషన్ల పేర్లన్నియు ఒక నోటుబుక్కులో వ్రాయ మొదలుపెట్టినాడు. 'శ్రీకాకుళం రోడ్'లోని శ్రీ వానిని వారము దినములు ఏడిపించినది.

అప్పుడు పౌలు మొదటి ప్రయాణమును వాని ముందుంచితిమి. సెలూకయ, సలమీ, పాఫు, పెర్గే, అంతియొకయ, ఈకొనియ, లుస్త్ర, దెర్బే. తెలుగు బైబిలు నుండి తానే వెదకి వ్రాసికొని, పధ్నాలుగవ అధ్యాయము చివరికి వచ్చి, "డౌన్ బండి కూడా లుస్త్రలో ఆగిందే! రాళ్లతో కొట్టిన ఊరికి మళ్లీ ఎందుకు వెళ్లాడు?" అన్నాడు. ఆ రాత్రి మా ఇంటి ప్రార్థనలో ప్రసంగము ఆ ప్రశ్నయే.

అన్నియు ఇట్లే జరిగినవని అనుకొనవద్దు. వాని క్రికెట్టును కూడ పాఠము చేయబోయి, స్కోరు తెలుగులో వ్రాయుమంటిమి. వాడు మా కంటబడకుండ ఆడుకొనసాగినాడు. పిల్లవాని ఆటను పూర్తిగా లాగుకొనకూడదని అప్పుడు తెలిసినది. అమ్మాయికి రైళ్లు పట్టవు. వాళ్ల మామ్మ చెప్పిన ఆవకాయ కొలతలు వ్రాసికొనుచు నేర్చుకొనుచున్నది. ఒత్తులు ఇంకను తప్పుచున్నవి.

కర్ణాటకలోని తలిదండ్రులారా, మీ పిల్లలకు కన్నడ చదువు వచ్చినయెడల సగము పని అయినట్లే. రెండు లిపులును ఒకే పాత లిపి నుండి వచ్చినవి. మరాఠీ, ఒడియా చదివిన పిల్లలకు అక్షరముల వరుస ముందే తెలియును. తమిళము చదివిన పిల్లలు భ, ఘ పలుకుటకు తడబడినచో నవ్వకుడి. ఆ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము. యానాము వారికి వీధియే తెలుగు. వారిని చూచి మేము కొంచెము అసూయపడుచున్నాము.

గడచిన శ్రమదినములలో మావాడు మామ్మ ప్రక్కన కూర్చుండి నూట ఇరవై ఒకటవ కీర్తన చదివినాడు. ఎనిమిది వచనములకు చాలాసేపు పట్టినది. ఆగినచోట ఆమె కన్నులు మూసికొనియే మాట అందించినారు. ముగియగానే, "రేపు ఇరవై రెండోది చదువు" అన్నారు.