మార్కులు వేసేదెవరు?

మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు చదువుతోంది. వాళ్ల కాలేజీలో పాత సినిమాలు చూసి చర్చించుకునే జట్టొకటి వుంది. ఈసారి వాళ్లకి ఇచ్చిన పని ఏమిటంటే, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ సినిమాలు పది తీసుకుని, జనం మెచ్చిన వరసలో ఒకసారీ, విమర్శకులు మెచ్చిన వరసలో ఇంకోసారీ నెంబర్లు వేసి రాసుకు రావాలిట. "నువ్వు బి.ఏ. లిటరేచర్ కదమ్మా, చెప్పు" అంటూ కాగితం తెచ్చి నా ముందు పెట్టింది. అప్పుడు నేను చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. మా అమ్మ పక్కనే కూర్చుని, నేను తీసినవాటిలో మిగిలిపోయిన ఈనెల్ని మళ్లీ తీస్తోంది.

"ఇదెంత పనే, అరగంటలో అయిపోతుంది" అన్నాను. మూడు వారాలు పట్టింది.

మొదటి పేరుకి మాత్రం నిజంగానే ఒక్క నిమిషం పట్టలేదు. 'కాసాబ్లాంకా'. 1942లో వచ్చిన ఆ సినిమా చూడనివాళ్లకి కూడా ఆ బొమ్మ ఎక్కడో అక్కడ కనబడే వుంటుంది. పొగమంచులో విమానం, టోపీ పెట్టుకున్న హంఫ్రీ బొగార్ట్, నీళ్లు నిండిన కళ్లతో అతని వంక చూస్తున్న ఇంగ్రిడ్. ఉత్తమ చిత్రంతో కలిపి మూడు ఆస్కార్‌లు వచ్చాయి. అమెరికన్ ఫిలిం ఇన్‌స్టిట్యూట్ 1998లో వంద గొప్ప అమెరికన్ చిత్రాల జాబితా వేస్తే అందులో రెండోది ఇదే. తమాషా చూడండి, ఆ మూడు ఆస్కార్‌లలో ఆవిడది ఒక్కటీ లేదు. కనీసం పోటీలో పేరైనా లేదు. ఆ ఏడు ఆవిడ పేరు పోటీకెక్కింది 'ఫర్ హూమ్ ద బెల్ టోల్స్' అనే మరో సినిమాకి. ఆవిడ మనసూ దాని మీదే వుండేదిట. కాసాబ్లాంకా తీస్తున్నంతకాలం కథ ఎలా ముగుస్తుందో ఎవరూ తేల్చి చెప్పలేదు. తను ప్రేమిస్తున్నది భర్తనా, పాత ప్రియుణ్ణా అని అడిగితే, దర్శకుడు మైకేల్ కర్టిజ్ మధ్యస్థంగా నటించమన్నాడని ఆవిడే తర్వాత చెప్పుకుంది. ఎనభై ఏళ్లుగా లోకం మురిసిపోతున్న ఆ చూపులోని సందిగ్ధం సగం నటనా, సగం నిజంగా తెలియకపోవడమేనేమో!

ఇక్కడ నా గొడవ ఒకటి చెప్పుకోవాలి. నా నవలల్లో ఎక్కువమంది చదివింది, చివరికి ఏమవుతుందో నాకే తెలియకుండా వారం వారం రాసి పంపిన సీరియల్. మూడేళ్లు కూర్చుని, చెరిపి, తిరగరాసిన ఇంకో నవల వుంది. దాన్ని మా ఆడపడుచు తప్ప ఎవరూ చదవలేదు. ఆవిడ కూడా సగం దాకానే. అంచేత కాసాబ్లాంకా పక్కన ఒకటో నెంబరు వేస్తుంటే నా చెయ్యి కొంచెం ఆగింది.

రెండో పేరు దగ్గర మా అమ్మ కలగజేసుకుంది. "ఆ సిస్టరమ్మ వేషం వేసింది చూడు, అది రాయవే. ఎంత బావుందో!" అంది. 'ద బెల్స్ ఆఫ్ సెయింట్ మేరీస్'. మనవరాలు పక్కన కూర్చుని తెలుగులో చెబుతుంటే చూసింది. పాతబడ్డ స్కూలు, దాన్ని నడిపే సన్యాసిని, కొత్తగా వచ్చిన ఫాదర్‌గా బింగ్ క్రాస్బీ. తోటి పిల్లాడి చేతిలో దెబ్బలు తిన్న కుర్రాడికి ఆ సిస్టర్ తనే గుద్దులాట నేర్పుతుంది. మా అమ్మకి నచ్చిందంటే ఆశ్చర్యమేం లేదు. అమెరికాలో అమ్మలందరికీ నచ్చింది. 1945 చివర్లో విడుదలై, ఆర్.కె.ఓ. అనే ఆ సంస్థకి కాసుల వర్షం కురిపించింది. ఆ వెంటనే 1948లో ఆవిడ జోన్ ఆఫ్ ఆర్క్‌గా కూడా వేసింది. సన్యాసిని అయింది, ఆ పైన సెయింటు అయింది. అంత ఎత్తున కూర్చోబెట్టారు కనకనే పడ్డప్పుడు చప్పుడు అంత పెద్దదయింది.

అది చెప్పేముందు 'గ్యాస్‌లైట్' సంగతి చెప్పాలి, ఎందుకంటే మా కాగితం మీద మొదటి తగాదా దానితోనే వచ్చింది. 1944 నాటి సినిమా. లండన్‌లో ఒక ఇల్లు. మొగుడు చార్లెస్ బోయర్. అటక మీద దాగిన నగల కోసం రహస్యంగా వెతుకుతుంటాడు. అతను పైన దీపం వెలిగించినప్పుడల్లా కింద భార్య గదిలో గ్యాసుదీపం సన్నగిల్లుతుంది. అది ఆవిడ కళ్లకి కనిపిస్తుంది, ఇంట్లో ఎవరూ ఔననరు. వస్తువులు తనే దాచి "నువ్వే పోగొట్టావు" అంటాడు. అంటూ అంటూ, తనకి పిచ్చెక్కుతోందని ఆవిడే నమ్మేదాకా తీసుకొస్తాడు. ఇంగ్రిడ్‌కి మొదటి ఆస్కార్ దీనికే. సస్పెన్సు చిత్రంగా మంచి మార్కులే పడ్డాయి. కానీ ఎనభై ఏళ్ల తర్వాత జరిగిందేమిటో చూడండి. 'గ్యాస్‌లైటింగ్' అనే మాటని మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువువాళ్లు 2022 సంవత్సరపు మాటగా ప్రకటించారు. మనకి ఈ మాట లేదుగానీ అనుభవానికి కొదవా! "నీకు మతిమరుపెక్కువ", "నేనెప్పుడన్నాను?", "నువ్వే వూరికే ఊహించుకుంటున్నావు" వినని ఇల్లాలు ఎవరైనా వుంటే నాకు ఉత్తరం రాయండి. పేరు లేని బాధకి ఒక పేరిచ్చిన సినిమా ఏ వరసలోకి వస్తుంది? జనాదరణలోకా, విమర్శకుల మెప్పులోకా? మా అమ్మాయి రెండింటిలోనూ ఒకటే నెంబరు వేస్తానంది. "నియమం ఒప్పుకోదు" అన్నాను. "నువ్వు నన్ను గ్యాస్‌లైట్ చేస్తున్నావు" అంది. ఈ కాలం పిల్లలతో ఇదొక చిక్కు.

సరే, ఆ పడటం సంగతి. రోసెలినీ అనే ఇటలీ దర్శకుడి సినిమాలు చూసి ముగ్ధురాలై, మీ సినిమాలో వేస్తానని ఇంగ్రిడ్ ఆయనకి తనే ఉత్తరం రాసింది. హాలీవుడ్‌లో మహారాణిలా వున్న మనిషి! 'స్ట్రాంబోలి' అనే సినిమా కోసం అగ్నిపర్వతం వున్న ఓ చిన్న దీవికి వెళ్లింది. ప్రేమలో పడింది. అప్పటికి ఆవిడకి భర్త వున్నాడు, పదేళ్ల కూతురు పియా వుంది. విడాకులు తేలకుండానే 1950 ఫిబ్రవరిలో రోమ్‌లో రోసెలినీ బిడ్డని కన్నది. సరిగ్గా ఆ నెలలోనే స్ట్రాంబోలి అమెరికాలో విడుదలయింది. పంచినవాళ్లు ఎవరనుకున్నారు? సిస్టరమ్మ సినిమాతో డబ్బు చేసుకున్న ఆర్.కె.ఓ. వాళ్లే. ఆ సినిమాని ఆడనివ్వొద్దని చర్చి సంఘాలూ, మహిళా సంఘాలూ కూడా గోల చేశాయి. మార్చిలో ఎడ్విన్ జాన్సన్ అనే సెనేటర్ ఏకంగా సెనేట్ సభలో లేచి, ఆవిడ వివాహ వ్యవస్థ మీద దాడి చేసిందనీ, చెడుని వ్యాపింపజేసే శక్తి అనీ దుయ్యబట్టాడు. శీలాన్ని బట్టి తారలకి లైసెన్సులు ఇవ్వాలని కూడా ప్రతిపాదించాడు.

ఇప్పుడు చెప్పండి. ఆ సినిమా ఫెయిలయిందని మా అమ్మాయి దానికి పదో నెంబరు వెయ్యబోయింది. ఫెయిలయింది సినిమానా, మనిషా?

అయిదేళ్ల కిందట నన్నడిగితే "కళ వేరు, జీవితం వేరు" అని టక్కున చెప్పేసేదాన్ని. ఇప్పుడు అంత సులువుగా నోరు రావడం లేదు. అలా విడదియ్యడం మగవాళ్ల విషయంలో ఎప్పుడూ జరుగుతూనే వుంది. 1957లో అదే రోసెలినీ డాక్యుమెంటరీ తియ్యడానికి మన దేశం వచ్చాడు. ఇక్కడ బెంగాలీ సినిమా దర్శకుడు హరిసాధన్ దాస్‌గుప్తా భార్య సోనాలీతో ప్రేమలో పడ్డాడు. ఆవిడ పిల్లల తల్లి. మన పత్రికల్లో పెద్ద దుమారం. ఇంగ్రిడ్, రోసెలినీ విడిపోయారు. సోనాలీ దేశం వదిలి ఇటలీ వెళ్లిపోయింది. రెండు కథల్లోనూ మగవాడు ఒక్కడే. ఆయన సినిమాలూ ఆడలేదు, ఆయనా మాటలు పడ్డాడు, కాదనను. కానీ ఆయన సినిమాలకి ర్యాంకులు వేసేటప్పుడు ఎవరూ ఈ సంగతులు తలుచుకుని మార్కులు తగ్గించినట్టు నేను చూడలేదు.

మా ఇంట్లోనూ ఒక పాత పెళ్లి ఫోటో వుంది. అందరూ బారుగా నిలబడి వుంటారు, కుడివైపు మూల మాత్రం కత్తిరించి వుంటుంది. అక్కడ నిలబడ్డావిడ మా అమ్మకి పెద్దమ్మ కూతురు. ఆరేళ్ల పిల్లని అత్తారింట్లో వదిలి వెళ్లిపోయిందిట. చిన్నప్పుడు మాకు ఆవిడ పేరు తెలియదు. "ఫలానా పనిచేస్తే అలా అయిపోతావు" అని మా అమ్మమ్మ అనేటప్పుడు ఆ 'అలా' అంటే ఆవిడ అని మాత్రం తెలుసు.

ఆ గొడవలన్నిటి మధ్యా వచ్చిన సినిమా 'జర్నీ టు ఇటలీ', 1954. నా వరసలో ఇది మొదటిది, జనం వరసలో అసలు లేనేలేదు. ఒక ఇంగ్లీషు జంట, వారసత్వంగా వచ్చిన ఇల్లు అమ్ముకోడానికి నేపుల్స్ వెళతారు. పోట్లాటలేమీ పెద్దగా వుండవు. ఇద్దరికీ మాట్లాడుకోడానికి ఏమీ మిగల్లేదని మెల్లగా తెలుస్తుంది, అంతే. విడిపోదామనుకుంటారు. ఆ సమయంలో ఎవరో వాళ్లని పాంపే తవ్వకాలకి తీసుకెళతారు. అగ్నిపర్వతం బూడిదలో చచ్చిపోయినవాళ్ల శరీరాలు నశించి, ఆ చోట డొల్ల మిగులుతుంది. అందులో ప్లాస్టర్ పోసి, గట్టిపడ్డాక మట్టి తీసేస్తే మనిషి ఆకారం బయటికొస్తుంది. వీళ్ల కళ్లముందే మట్టి తొలుస్తారు. ఒక చెయ్యి, ఒక కాలు. చూడగా చూడగా పక్కపక్కన పడుకున్న ఒక ఆడా, ఒక మగా. ఇంగ్రిడ్ చూడలేక ఏడుస్తూ పక్కకి వెళ్లిపోతుంది. మాటల్లో ఏమీ చెప్పరు. నాకు పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఆ సీను దగ్గర మా ఆయన పేపరు దించి చూశారు.

ఆ సినిమా అప్పుడు ఆడలేదు. పారిస్‌లో కొందరు కుర్ర విమర్శకులు, త్రూఫో, గొదార్, రివెట్ వంటివాళ్లు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. బ్రిటన్‌లో 'సైట్ అండ్ సౌండ్' అనే పత్రిక పదేళ్లకోసారి ప్రపంచ విమర్శకుల ఓట్లు తీసుకుంటుంది. 2012లో ఇది 41వది. దాని వెనకే 42లో మన సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి'. 2022లో పథేర్ పాంచాలి 35కి ఎక్కింది, ఇది 72కి దిగింది. పదేళ్లలో ఏ సినిమాలోనూ ఒక్క ఫ్రేము మారలేదు. ఓట్లు వేసినవాళ్లు మారారు. మనుషుల తీర్పులూ అంతే అనుకుందామంటే, సినిమా డబ్బాలో భద్రంగా వుంటుంది, మనిషి వుండదుగా. 1972లో చార్లెస్ పెర్సీ అనే మరో సెనేటర్ అదే సభలో ఆవిడకి క్షమాపణ చెప్పాడు. ఇరవై రెండేళ్ల తర్వాత. జనం అంతకు ముందే మెత్తబడ్డారు. 1956లో వచ్చిన 'అనస్తేషియా'కి రెండో ఆస్కార్ ఇచ్చారు. అది మంచి సినిమాయే, కాకపోతే ఆ బహుమతిలో నటనకెంత, క్షమించామని చెప్పుకోడానికెంత అన్నది నాకు ఇప్పటికీ అనుమానం.

ఆవిడ తనకి తను ఎలా మార్కులు వేసుకుందో కూడా చూడాలి. 'మర్డర్ ఆన్ ది ఓరియంట్ ఎక్స్‌ప్రెస్' 1974లో వచ్చింది. దర్శకుడు రాకుమారి వేషం ఇస్తానంటే, వద్దు, ఆ బెదురుగొడ్డులాంటి స్వీడిష్ మిషనరీ వేషం ఇమ్మంది. చిన్న పాత్ర. మూడో ఆస్కార్ తెచ్చింది. వేదికెక్కి, ఇది నాకు కాదు, వాలెంటీనా కోర్తేజేకి రావలసింది అంది. ఇచ్చిన మార్కుల్ని అంతమంది ముందు దిద్దింది.

ఇక మిగిలింది 'ఆటమ్ సొనాటా'. 1978. నార్వేలో తన మాతృభాషలో, ఇంటిపేరు ఒకటే అయినా చుట్టం కాని ఇంగ్మార్ బెర్గ్‌మన్ దర్శకత్వంలో. ఆవిడ చివరి సినిమా, టెలివిజన్‌లో వేసిన గోల్డా మీర్ పాత్ర మినహాయిస్తే. అప్పటికే క్యాన్సర్. కథ, పేరున్న పియానో విద్వాంసురాలు ఏడేళ్ల తర్వాత కూతురి ఇంటికి రావడం. కూతురు లివ్ ఉల్మన్. ఒక సాయంత్రం కూతురు షోపాన్ స్వరం ఒకటి వాయిస్తుంది. తల్లి మెచ్చుకోబోయి, ఆగి, అది ఎలా వాయించాలో చెప్పి తను వాయిస్తుంది. కూతురు తల్లి చేతుల వంక చూడదు, మొహం వంక చూస్తుంది. ఆ చూపు ఒక్కటి చాలు. ఆ రాత్రి చిన్నప్పట్నించీ దాచుకున్నదంతా కక్కేస్తుంది.

ఆ తల్లి పాత్ర గురించి ఆవిడ దర్శకుడితో చాలా వాదించిందని ప్రసిద్ధి. వాదించదూ మరి! పియాని చూడకుండా ఆవిడ నిజంగానే 1951 నుంచి 1957 దాకా గడిపింది. 1952లో అమెరికా కోర్టులో ఆ పిల్లని అడిగితే, అమ్మంటే ఇష్టమేగానీ ప్రేమ లేదన్నట్టు చెప్పింది. పదమూడేళ్ల పిల్ల. సెనేటర్‌ని తిట్టడం నాకు తేలిక. ఆ పిల్లకి జవాబు చెప్పడం నా చేతకాదు. ఆ పిల్లని చూసి ఆటమ్ సొనాటాకి మార్కులు తగ్గించాలా? అన్నీ అనుభవించి వేసింది కనక పెంచాలా? కాగితం మీద దాని పక్కన చోటు ఖాళీగా వదిలేశాం.

సినిమా అయ్యాక మా అమ్మ చాలాసేపు మాట్లాడలేదు.

"ఆ పెద్దపిల్ల తర్వాతైనా వచ్చిందా తల్లి దగ్గరికి?" అంది చివరికి.

వచ్చిందన్నాను. పెద్దయ్యాక మళ్లీ కలుసుకున్నారనీ, 1982 ఆగస్టు 29న సరిగ్గా పుట్టినరోజు నాడే ఇంగ్రిడ్ పోతే, గోల్డా మీర్ పాత్రకి వచ్చిన ఎమ్మీ బహుమతిని వేదికెక్కి అందుకున్నది పియాయేననీ చెప్పాను.

అమ్మ తల వూపింది. కాసేపాగి, "ఆ ఫోటో మూల కత్తిరించింది నేనేనే. నాన్నగారు కత్తెర చేతికిచ్చారు" అంది. "ముక్క మాత్రం పారెయ్యలేదు. భాగవతంలో పెట్టాను."

చూపించమని నేను అడగలేకపోయాను. మా అమ్మాయి అడిగింది.