గీతలో గీత

మా అత్తగారి దృష్టిలో ఘంటసాల భగవద్గీత ఒకచోట ఆగి, అదే మాట నాలుగుసార్లు తిప్పి చెప్పాలి. తడబాటు ఘంటసాలగారిది కాదు లెండి! మా ఆయన చిన్నతనంలో ముల్లు లాగి పెట్టిన గీత అది.

1974 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశాక విడుదలైన ఎల్పీ. శ్లోకం పాడి, తాత్పర్యం తెలుగులో తనే చెబుతారు. మామగారు మద్రాసులో కొని, గూడూరు ఇంట్లో తెల్లవారుజామున పెట్టేవారట. ఇప్పుడేమో ఏ వీధిలో గీత వినబడినా, ఎవరు పోయారో అని గుండె జారుతుంది. పాపం, ఆయన అందుకా పాడింది?

మొన్న సంక్రాంతికి మావాడు ఎక్కడో మంచి ప్రతి సంపాదించి, కంప్యూటర్లో గరగరలన్నీ తీసేసి తెచ్చాడు. గాయకుడు ఊపిరి తీసుకోవడం కూడా వినిపించింది. నాకు ఒళ్లు పులకరించింది. అత్తగారు మాత్రం, "బాగానే ఉంది గానీ, మనింటిది కాదే," అన్నారు.

"ఆయన పాడింది ఇలాగే కదా అత్తయ్యా! ఆ గీత మనం పెట్టిందే," అని వాదించాను. పాడినవాడికి న్యాయం చెయ్యాలా, విన్నవాళ్ల జ్ఞాపకానికా? మావాడే ఒప్పుకున్నాడు: గరగర మరీ తోమితే గొంతులోని సన్నని అంచు కూడా పోతుందట, బియ్యంలో రాళ్లేరుతూ నాలుగు గింజలు పారబోసినట్టు. ఎక్కడ ఆపాలో చెప్పాల్సిన మనిషి లేడు.

మర్నాడు అత్తగారు కొత్తదే పెట్టించుకున్నారు. ఆ చోటు రాగానే ఆవిడ చెయ్యి తనంతట తనే లేచింది, ముల్లు జరపడానికి.