కొనసాగే అర్హత

ఏళ్ల తరబడి ఒకే పేరుతో వస్తున్న వీడియో గేమ్‌ల వరసలు ఇంకా సాగాలా అన్నది పైకి వ్యాపార ప్రశ్న. దాని అడుగున పాత తాత్త్విక సమస్య ఉంది. లోపలిదంతా మారిపోయాక, సాగుతున్నది అదేనని ఏ ఆధారంతో అంటాం? జపాన్‌లో 1987లో మొదలైన ‘ఫైనల్ ఫాంటసీ’ 2023లో పదహారో భాగానికి చేరింది. దాదాపు ప్రతి భాగంలోనూ లోకం కొత్తదే, మనుషులూ కొత్తవాళ్లే. బౌద్ధ గ్రంథం ‘మిలిందపన్హ’లో భిక్షువు నాగసేనుడు మిలింద రాజుకు దీపాన్ని చూపి జవాబు చెబుతాడు: తొలిజాము మంట, కడజాము మంట ఒకటీ కాదు, పూర్తిగా వేరూ కాదు, ఒకదాన్ని ఆధారం చేసుకుని మరొకటి వెలిగింది. ఈ లెక్కన పేరు నిలిచినంత మాత్రాన కొనసాగింపు కాదు. ముందుదాని వేడి తర్వాతదానికి అందాలి.

తెలుగులో ఇందుకు గొప్ప సాక్ష్యం భారతమే. 11వ శతాబ్దిలో నన్నయ రచన అరణ్యపర్వం నడుమ ఆగింది. 13వ శతాబ్దిలో తిక్కన విరాటపర్వం నుంచి అందుకున్నాడు. మధ్య మిగిలిన ఖాళీని 14వ శతాబ్దిలో ఎర్రన పూరించాడు. నన్నయ పోకడతో మొదలుపెట్టి మెల్లగా తిక్కన తీరులోకి నడిపించాడు. ఆ భాగాన్ని తన కాలపు రాజుకు కాక, నన్నయ కాలపు రాజు, ఎప్పుడో గతించిన రాజరాజనరేంద్రుడికే అంకితం చేశాడు. ముందువాడి పనికి ఇంతగా తలవంచిన కొనసాగింపు మరే సాహిత్యంలోనైనా అరుదే. గేమ్‌లలో చూస్తే, ‘మెటల్ గియర్’ వరస సృష్టికర్త హిదెయో కొజిమా 2015లో కోనామి సంస్థను వీడాడు. ఆయన లేకుండా 2018లో వచ్చిన ‘మెటల్ గియర్ సర్వైవ్’లో పేరు మిగిలింది, ఆ వినయం కనిపించదు.

అయితే భారతం అసంపూర్ణం కనుక ఎర్రనకు పని మిగిలింది. ముగిసిన కథ మాటేమిటి? ఎందరో రాసిన రామాయణాన్ని మళ్లీ ఎందుకు రాయాలన్న ప్రశ్నను ‘రామాయణ కల్పవృక్షం’ మొదట్లోనే విశ్వనాథ సత్యనారాయణ ఎత్తుకున్నారు. కథ పాతదైనా అనుభవం ఎవరిది వారిదే అన్నది ఆయన సమాధానంలోని సారం. చెప్పేవాడికి తనదైన అనుభవం ఉన్నంతకాలం ఆ హక్కు చెల్లుతుంది. అమ్మకాల గడువు కోసం ఏటా ఒక భాగం విడుదల చేయడానికి చెల్లదు. ‘అసాసిన్స్ క్రీడ్’ గేమ్‌ల ప్రధాన వరస 2016లో ఒక ఏడాది ఆగి, మరుసటి ఏడు ప్రాచీన ఈజిప్టు కథతో రూపం మార్చుకుని వచ్చింది. ఆ విరామం దానికి మేలే చేసింది.

వినేవాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకో కొలత దొరుకుతుంది. విరాటపర్వం చదివిస్తే వానలు పడతాయన్నది తెలుగునాట పాత నమ్మకం. ఏడాదికి 550 మిల్లీమీటర్ల సగటు వాన కూడా నమ్మకంగా కురవని అనంతపురం జిల్లాలో, రాయదుర్గం లాంటి మెట్ట సీమలో, ఆ నమ్మకానికి బరువెక్కువ. అక్కడ కొత్తదనం ఎవరూ అడగరు. కీచకుడు చస్తాడని, ఉత్తర గోగ్రహణంలో అర్జునుడు గెలుస్తాడని అందరికీ తెలుసు. కథను మళ్లీ పిలిపించేది వినేవాళ్ల అవసరం. పాత గేమ్‌ను మళ్లీ కోరే ఆటగాడి ఆశలోనూ ఇలాంటి నిజమైన అవసరం కొంత ఉంది. దాన్ని చిన్నచూపు చూడరాదు. తేడా హక్కులో ఉంది. విరాటపర్వాన్ని ఏ ఊరైనా చదివించుకోవచ్చు, అభిమన్యుడి పెళ్లితో ముగించుకోవచ్చు. గేమ్‌ల వరసను ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు తిరిగి మొదలుపెట్టాలో ఆడేవాళ్ల చేతిలో లేదు. ఆ నిర్ణయం హక్కులున్న సంస్థది.