ద్వారముకడ నిలిచినవాడు

తపతీతీరమున వెలసిన సూరతు నగరమునకు నేను పోయినది తీర్థయాత్రకు గాదు, ఒక వివాహమునకు. లింబాయతు వీధులలో నడచునపుడు కరీంనగరము, వరంగల్లు, నల్లగొండల మాటతీరు చెవినిబడుచుండును. స్వగ్రామమున చేమగ్గము కూడు పెట్టలేని దినములలో వలసపోయిన పద్మశాలీ కుటుంబములు అక్కడ సాంచాలపై (మరమగ్గములను వారట్లే యందురు) పగలనక రాత్రియనక పనిచేసి, దేశమంతటి స్త్రీలు కట్టు చీరలను నేయుచున్నవి. వారి బిడ్డలకొరకు నగరపాలకసంఘము తెలుగు బడులను సైతము నడుపుచున్నది. మార్కండేయ మహర్షి పుత్రుడగు భావనాఋషి తామరతూళ్ళ నుండి దారము దీసి దేవతలకు వస్త్రములు నేసెనని వారి కులపురాణము చెప్పును. పెండ్లివారింటి పెద్ద నాకు మామ వరుస. నలువది యేండ్లు ఆ సాంచాల రొదలో నిలువుకాళ్ళపై గడపినందున చెవులు మందగించి, ఎదుటివాని పెదవులను జూచి మాట గ్రహించువాడు.

పెండ్లి జవుళి తీయుటకై ఒకనాటి సాయంకాలము మేమందరము ఒక పెద్ద వస్త్రశాలకు పోతిమి. నేను ఇస్త్రీమడత నలగని తెల్లపంచెతో, జరీ యుత్తరీయముతో ఉంటిని. ద్వారముకడనున్న యువకుడు నాకు చేతులు మోడ్చి తలుపు తెరచెను, లోపల చల్లని నీరిచ్చిరి. మామ మాత్రము పాళీ దిగి నేరుగ అచటికే వచ్చుచుండెను. నూనెమరకల చొక్కా, నెరసిన జుట్టున దారపు పీచు, మాసిన సంచి. అదే యువకుడు అదే తలుపునకు అడ్డముగ చేయిచాచి, మూటలవాండ్రు వెనుక సందులోనుండి రావలెనని హిందీలో గద్దించెను. వీధి రొదలో మామకు మాట వినబడలేదు. చాచిన చేయి మాత్రము కనబడెను. ఆయన మెట్టు దిగి, దారి తప్పినవానివలె అటునిటు జూచుచు నిలిచిపోయెను. నేను పరుగున వచ్చి, "ఈయన పెండ్లికూతురి తాతగారు, మా పెద్దలు" అని పలికితిని. యువకుని ముఖము వివర్ణమయ్యెను. వంగి నమస్కరించి, మామను లోనికి తోడ్కొనివచ్చి, మెత్తని ఆసనముపై కూర్చుండబెట్టెను. ఒక యన్యాయమును దిద్దితినని నాకు తృప్తి కలిగెను.

ఇంటికి వచ్చి, స్నానము చేసి, అన్నము ముందర కూర్చుండిన పిమ్మట మామ నెమ్మదిగా అడిగెను: "పెండ్లిపిల్ల తాతనని జెప్పినవు, రానిచ్చిండు. నేను నిజంగనే మూటలు మోసెటోన్నయితే ఏం జెప్తుంటివి అల్లుడా?"

ఆ రాత్రి నాకు నిదురపట్టలేదు. నేను ద్వారపాలకునికి చెప్పినది, "మనుష్యుని ఆపకుము" అని గాదు. "నీవనుకొన్న తక్కువవాడు ఈయన గాడు" అని. తూకము అన్యాయమైనదని నేననలేదు, తూచిన వస్తువు వేరని మాత్రమే యంటిని. నిజముగ మూటలు మోయువాడొకడు ఆ క్షణమున నా ప్రక్కనే నిలిచియుండినచో, నా మాటచేతనే వాడు మరియొక మెట్టు క్రిందికి దిగియుండును.

రూపమును జూచి మనుష్యుని కొలువరాదని చెప్పుటకు మనము సాధారణముగ ఏ కథలను ఆశ్రయింతుము? భారతారణ్యపర్వమున అష్టావక్రుడు జనకుని యజ్ఞశాలకు రాగా, బాలునికి ప్రవేశము లేదని ద్వారపాలకుడు అడ్డగించెను. ఆ బాలుడు జ్ఞానమే పెద్దరికమని వాదించి, లోనికిపోయి ఆస్థానపండితుడగు వందిని వాదమున జయించి, మునుపు అతనిచేత ఓడి నీటమునిగిన తండ్రిని తిరిగి పొందెను. కథ మహోన్నతము, చిన్ననాట విన్నప్పటినుండి నాకు ప్రాణతుల్యము. అయినను ఇపుడు రెండు చోట్ల నా మనస్సు తొట్రుపడుచున్నది. శాస్త్రమెరుగని వంకరమేని పిల్లవాడు ఆ వాకిట నిలిచియుండినచో, వానికొరకు తలుపు తెరచువారెవరు? మరియు కథాంతమున తండ్రి యాజ్ఞచే అతడు సమంగానదిలో మునిగి అవయవముల వంకర తీర్చుకొనును. వంకరగనే యుండి పూజ్యుడైన అష్టావక్రుని, కథ అట్లే యుండనీయలేకపోయెను గదా యని నాకు వ్యసనము.

సూరతులో నున్నవానికి మరియొక యుపమానము నాలుకకు సిద్ధముగ వచ్చును. పదునేడవ శతాబ్దమున ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే ఈ రేవునుండియే గోల్కొండకు వచ్చి, కృష్ణాతీరపు కొల్లూరు గనులను జూచిపోయెను. నేడు ప్రపంచమున సానపట్టబడు వజ్రములలో అత్యధికభాగము ఈ యూరి కార్మికుల చేతులమీదుగనే పోవుచున్నది. ముడిరాయి చూపునకు మట్టిగులకరాయివంటిదే, లోన వజ్రమున్నది సుమా యని మనము బోధింతుము. ఈ బోధ నాకిక రుచింపదు. లోన వజ్రము లేనిచో రాతిని పారవేయవచ్చునా? భగవద్గీత యైదవ యధ్యాయమున, విద్యావినయములుగల బ్రాహ్మణునియందును, గోవునందును, ఏనుగునందును, కుక్కయందును, శ్వపచునియందును పండితుడు సమమునే దర్శించునని భగవానుడు సెలవిచ్చెను. కుక్కలో రహస్యముగ పాండిత్యము దాగియున్నదని ఆయన చెప్పలేదు. ఆ చూపు యోగ్యతను వెదకి, దొరికిన పిదప సమమగునది గాదు. వెదకుటకు ముందే సమమైనది.

ఈ నగరముకూడ ఒకనాడు ద్వారముకడ ఆపబడినదే. 1994 సెప్టెంబరులో ఇక్కడ ప్లేగు మహామారి పొడసూపగా, లక్షలమంది మూటముల్లెలతో రైళ్ళెక్కి పోయిరి. సూరతునుండి వచ్చితిమన్నచో తోడి ప్రయాణికులే ముఖము త్రిప్పుకొనిన దినములవి. 1995లో పురపాలక కమిషనరుగా వచ్చిన సూర్యదేవర రామచంద్రరావుగారి పట్టుదలతో, చీపురు పట్టిన వేలమంది చెమటతో, మరుసటి యేటికే అది దేశమున రెండవ పరిశుభ్రనగరమని పేరొందెను. ఆ కీర్తి సంతోషకరమే. కాని 1994లో ఆ రైలులో మూటపై కూర్చుండి, దగ్గు వచ్చినను బయటపడనీయక అణచుకొనిన తల్లికి ఆ కీర్తి రెండేండ్లు ఆలస్యముగ వచ్చినది.

వివాహము జరిగెను. తిరుగు ప్రయాణమునకు నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితిని. బండి కదలబోవు వేళ, రాత్రిపాళీ దిగి వచ్చినవాడు కాబోలు, తలనిండ పీచుతో, నూనె వాసనతో ఒకడు నా ప్రక్కకు వచ్చి నిలిచెను. నేను ఉత్తరీయమును చేత బట్టి జరిగితిని. అతడు కూర్చుండెను. ఆ జరుగుట అతనికి చోటిచ్చుటకో, నా జరీయంచునకు ఆ పీచు అంటకుండుటకో, వరంగల్లు చేరువరకు నన్ను నేను అడుగుచునే యుంటిని.