పెద్దల వస్తువుకు పని పెట్టండి

శ్రావణం వస్తోందంటే వెండి దుకాణాల్లో పాత సామాను తూకానికి వస్తుంది. నాయనమ్మ కుందులు, అమ్మమ్మ కుంకుమ భరిణె ఇచ్చేసి తళతళలాడే కొత్తవి తెచ్చుకుంటాం. ఇవ్వడానికి మనసొప్పని వాళ్లు వాటిని బ్యాంకు లాకరులో దాచి, ఇక ఆ ఊసే ఎత్తరు. అమ్ముకోవడం తప్పు, దాచుకోవడం భక్తి అనుకుంటాం. పూజకు రాని కుంది ఎక్కడుంటే ఏం? నాకు రెండూ ఒకటిగానే కనిపిస్తాయి.

ఈ వారం ఇదంతా నాతో చెప్పిస్తున్నది ఒక బొంత. రష్యా నుంచి అమెరికా చేరిన ఒక యూదు కుటుంబానిది. ఆ ఇంటి ఆడబిడ్డ, రచయిత్రి, చిత్రకారిణి ప్యాట్రీషియా పొలాకో ఆ కథను 1988లో ‘ది కీపింగ్ క్విల్ట్’ అనే పిల్లల పుస్తకంగా రాసి, బొమ్మలు వేశారు.

1881లో జార్ రెండో అలెగ్జాండర్ హత్య జరిగాక రష్యాలో యూదుల మీద దాడులు పెచ్చుమీరాయి. దానికి పేదరికం తోడైంది. 1924లో అమెరికా తలుపులు దాదాపుగా మూసేసేలోపు తూర్పు యూరప్ నుంచి 20 లక్షల మందికి పైగా యూదులు అక్కడికి చేరారు. పొలాకో అమ్మమ్మ తల్లి ఆనా కూడా అలా వచ్చిన పిల్లే. పుట్టిన ఊరి గుర్తుగా ఆమెకు మిగిలినవి ఒంటి మీది గౌను, తలకు కట్టుకునే రుమాలు. కొన్నాళ్లకు గౌను పొట్టిదైపోయింది. తల్లి దాన్ని పారేయలేదు. బంధువుల పాత చొక్కా, రాత్రి గౌను, వంటింటి ఏప్రన్ జత చేసి, ఇరుగుపొరుగు ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని బొంత కుట్టింది. పాత గుడ్డలు పువ్వులయ్యాయి, జంతువులయ్యాయి. రుమాలు దాని చుట్టూ అంచయింది.

ఆ తరువాతదే నన్ను కట్టిపడేసింది. ఆ బొంతకు ఆ ఇంట్లో తీరిక లేదు. శుక్రవారం పొద్దుగూకే వేళ యూదుల వారపు విశ్రాంతి దినం సబ్బాతు కోసం దీపాలు వెలిగించే బల్ల మీద పరిచేది అదే. పెళ్లి వస్తే నాలుగు కర్రలకు కట్టిన పందిరి అదే. బిడ్డ పుడితే చుట్టేది దానిలోనే. ముసలితనంలో ఆనా కాళ్ల మీద కప్పిందీ అదే. కాలంతో పాటు పెళ్లి తీరు మారింది. యూదులు కాని స్నేహితులూ విందుకొచ్చారు, ఆడా మగా కలిసి నాట్యమాడారు. పందిరి మాత్రం మారలేదు. పుస్తకంలో బొమ్మలన్నీ నలుపు తెలుపుల్లో గీసి, రంగులు ఆ గుడ్డకే అద్దారు పొలాకో.

మనకిది తెలియనిదా? పుట్టిన బిడ్డను పెద్దవాళ్ల మెత్తటి పాత బట్టలో పడుకోబెట్టే ఆచారం మనది. అమ్మ చీరతో ఉయ్యాల కట్టిన జాతి మనది. ఆ చీరే ఇప్పుడు కలరా ఉండల మధ్య బీరువాలో మడత విప్పకుండా ఉంది. కూతురి సీమంతానికి మాత్రం అద్దెకు తెచ్చిన అలంకరణ!

ఇదంతా మమకారం కాదా, వదులుకోమని కదా మన శాస్త్రం చెప్పింది అని కొందరు పెద్దలు అడుగుతారు. ఆలోచించవలసిన మాటే. అయితే సుందరకాండ గుర్తు చేసుకోండి. అశోకవనంలో సీతమ్మ చూడామణిని కొంగున ముడివేసి ఉంచుకుంది. సమయం వచ్చినప్పుడు ఒక్క క్షణం తటపటాయించకుండా హనుమ చేతిలో పెట్టింది. అది చూసి రాముడికి సీత ఒక్కతే గుర్తురాలేదు. పెళ్లినాడు దాన్నిచ్చిన జనకుడు, తన తండ్రి దశరథుడు కూడా కళ్లముందు నిలిచారు. పట్టుకుని కూర్చున్న మణి ఆ పని చేయగలిగేదా? మమకారమంటే తాళం వేయడమే. చేతులు మారుతూ పనికొచ్చేది మనిషిని కట్టిపడేయదు.

వాడితే అరిగిపోదా అంటారు. అరుగుతుంది. ఆనా బొంత కూడా అరిగింది. చివరికి పొలాకో దాన్ని ఒహాయో రాష్ట్రంలో పిల్లల పుస్తకాల చిత్రాలకు పేరుపొందిన మాజ్జా మ్యూజియానికి ఇచ్చేశారు. పాతది అక్కడికి చేరే వేళకు ఆమె పిల్లలు అచ్చం అలాంటిదే కొత్త బొంత కుట్టించి తల్లి చేతికిచ్చారు.