అంకితనామము – ఆత్మపరిచయము

సంతానము తల్లిదండ్రుల కోరికను నెరవేర్చుటకే పుట్టినదా? కాదన్నచో, ఆ కోరికను త్రోసివేయుట కృతఘ్నత యగునా? ఈ ప్రశ్న నేడు ఎన్నో ఇండ్లను వేధించుచున్నది. చిత్రలేఖనమున చేయి తిరిగిన బాలుని ఇంజనీరింగు శిక్షణకును, సంగీతముపై మనసున్న బాలికను వైద్యవిద్యా ప్రవేశపరీక్షకును పంపి, మార్కులు తగ్గిన దినమున ఆ బిడ్డతో మాటయైన ఆడని ఇండ్లు మనలో లేవా?

శరణుల చరిత్ర ఈ విషయమున మనకు దారి చూపుచున్నది. పాల్కురికి సోమనాథుని బసవపురాణమున బసవన్న తండ్రి తలపెట్టిన ఉపనయనమును నిరాకరించి, సోదరితో గూడ ఇల్లు విడిచెను. ఉడుతడిలో జన్మించిన అక్కమహాదేవి రాజభోగమును వదలి కల్యాణమునకును, అటనుండి మన శ్రీశైలమునకును వచ్చెనని సంప్రదాయము చెప్పుచున్నది.

అయితే ఇల్లు విడిచినంత మాత్రమున మనసు కుదుటపడదు. తెంచుకొనిన బంధము లోపల పలుకుచునే యుండును. అక్కకు ఆ భారమును దించిన సాధనము వచనము. ఛందోనియమములు లేని ఆ మాటలలో ఆమె ఆకలిని, ఒంటరితనమును, లోకనిందను దాచక చెప్పి, చివర చెన్నమల్లికార్జునుని పిలిచెను. చెప్పుకొనలేని బాధ మనలను ఏలును. చెప్పగలిగిన బాధ మన చేతికి వచ్చును.

అంకితనామములను గమనింపుడు. బసవన్నకు కూడలసంగమదేవుడు, అల్లమప్రభువునకు గుహేశ్వరుడు. వీనిలో వంశనామము లేదు, ఇంటిపేరు లేదు. పడవ నడపిన చౌడయ్య తన వృత్తినే చేర్చి, అంబిగర చౌడయ్య అని ముద్ర వేసికొనెను. తానెవరో తెలిసినవాని ధైర్యమది. మన సోమనాథుడును వృత్తముల ఘనతను కాదని, జానుతెనుగును, ద్విపదను చేపట్టెను.

ఇంతమాత్రమున ఇష్టము వచ్చినట్లు నడచుటయే స్వేచ్ఛ యని తలపరాదు. కళయైనను కాయకమే. నిత్యాభ్యాసము, స్వశ్రమతో జీవనము, మిగిలినది దాసోహము – ఈ మూడును లేని కళ విలాసమగును. వృద్ధులైన తల్లిదండ్రులను పోషించుట సంతానధర్మము. వారి తీరని కోరికను తన బ్రతుకుగా మోయుట మాత్రము ధర్మము కానేరదు.

తల్లిదండ్రులకును ఒక మనవి. దీక్షాసమయమున బిడ్డ అరచేత ఇష్టలింగము నుంచుదుము. ఆ పూజ ఎవరికి వారే చేసికొనవలెను. తండ్రి పూజ కుమారునికి చెల్లదు. దైవమునే బిడ్డ చేతికిచ్చి నమ్మిన మనము, ఒక కుంచెనో, ఒక కలమునో ఇచ్చి నమ్మలేమా?